కలకత్తా కాఫీ హౌస్‌ను నిలబెట్టింది ఎవరు? హన్మకొండలో అలాంటిది నడుస్తుందా?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లోని కాఫీ హౌస్ అసలు చరిత్ర ఏమిటి? ఒక్క కాఫీ తాగి గంటల కొద్దీ కూర్చున్నా ఏమీ అనని హోటల్ ఎనభై ఏళ్లకు పైగా ఎట్లా బతికింది? మీరు నలుగురు మిత్రులు కలిసి హన్మకొండలో అలాంటిది పెడితే నడుస్తుందా?

నేను సహకార శాఖలో ఆడిట్ పని చేసి రిటైరైనవాణ్ణి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో రకరకాల సంఘాల లెక్కలు చూశాను. మా అమ్మాయి ఉద్యోగం కలకత్తాలో ఉన్న రోజుల్లో ఆ కాఫీ హౌస్‌కు తరచుగా వెళ్లేవాణ్ణి. మొదట కాఫీ కోసమే వెళ్లినా, తర్వాత అదొక సహకార సంఘం అన్న ఆసక్తితో వెళ్లాను. అందుకే చరిత్రతో పాటు లెక్కల సంగతి కూడా చెప్తాను. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఆ హోటల్ గురించి ఎవరు రాసినా కవులు, సినిమావాళ్లు, విద్యార్థి నాయకులు, వాళ్ల చర్చలు అంటూ రాస్తారు. వాళ్లు దానికి పేరు తెచ్చిన మాట నిజమే. దాన్ని నిలబెట్టింది మాత్రం అక్కడ ట్రేలు మోసినవాళ్లు, వంట చేసినవాళ్లు, కప్పులు కడిగినవాళ్లు. నా జవాబంతా ఈ ఒక్క సంగతి గురించే.

ముందు ఆ చోటు గురించి. 1817లో హిందూ కాలేజీగా మొదలైన ప్రెసిడెన్సీ, 1824 నాటి సంస్కృత కళాశాల, 1835 నాటి మెడికల్ కాలేజీ, 1857 నాటి కలకత్తా విశ్వవిద్యాలయం, అన్నీ కాలేజ్ స్ట్రీట్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాల దుకాణాలు. మనిషి పక్కకు ఒత్తిగిల్లితే తప్ప నడవలేం. ఆ రోడ్డు పక్కనే బంకిం ఛటర్జీ స్ట్రీట్‌లో ఉన్న పాత భవనం పేరు ఆల్బర్ట్ హాల్. విక్టోరియా రాణి కుటుంబంలోని ఆల్బర్ట్ పేరు పెట్టుకున్న ఆ హాలు 1876లో మొదలైంది. అప్పుడు అందులో కాఫీ లేదు, హోటల్ లేదు. అది సభలు పెట్టుకునే చోటు. అదే ఏడాది జులై 26న సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోస్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించిన సభ ఈ హాల్లోనే జరిగింది. 1883 డిసెంబర్‌లో జరిగిన నేషనల్ కాన్ఫరెన్స్ కూడా ఇక్కడే. కాంగ్రెస్ పుట్టింది 1885లో. అంటే కాంగ్రెస్ కంటే ముందే దేశవ్యాప్త రాజకీయం గురించి మనుషులు ఈ కప్పు కింద కూర్చుని మాట్లాడారన్న మాట.

ఇక్కడ ఒక తప్పు ప్రచారాన్ని సరిచేయాలి. ఠాగూర్ ఇక్కడ కాఫీ తాగేవారని, నేతాజీ ఫలానా టేబుల్ దగ్గర కూర్చునేవారని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. కాఫీ హౌస్ ఈ హాల్లోకి వచ్చింది 1942లో. ఠాగూర్ 1941 ఆగస్టులో కన్నుమూశారు. నేతాజీ 1941 జనవరిలోనే ఇల్లు విడిచి రహస్యంగా దేశం దాటారు. కాబట్టి వాళ్లిద్దరూ అక్కడ కాఫీ తాగే వీలు లేదు. లోపల గోడ మీద ఠాగూర్ పెద్ద చిత్రపటం ఉండటంతో ఆ కథ పుట్టి ఉంటుంది. అలాగే సత్యజిత్ రాయ్ పేరు చెప్పేటప్పుడు కూడా కొంచెం జాగ్రత్త పడాలి. కలకత్తాలో చిత్తరంజన్ ఎవెన్యూ మీద ఇంకో కాఫీ హౌస్ ఉంది. రాయ్ వ్యాపార ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, 1947లో మిత్రులతో కలిసి ఫిలిం సొసైటీ పెట్టిన కాలంలో ఎక్కువగా కూర్చున్నది అక్కడ.

ఇంతకీ సభలు జరిగే హాల్లోకి కాఫీ ఎట్లా వచ్చింది? నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. చాలామందికి ఈ సంగతి తెలియదు.

1930ల మొదట్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. కాఫీ ధరలు కుప్పకూలాయి. కూర్గు, చిక్కమగళూరు, నీలగిరి తోటల్లో పండిన గింజల్లో ఎక్కువ భాగం విదేశాలకే పోయేది. కొనేవాడు లేకపోయేసరికి తోటలవాళ్లు ప్రభుత్వం ముందు మొర పెట్టుకున్నారు. 1935లో కాఫీ సెస్ చట్టం వచ్చింది. ఎగుమతి అయ్యే కాఫీ మీద చిన్న పన్ను వేసి, ఆ డబ్బుతో కాఫీకి ప్రచారం చేయడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీకి తట్టిన ఆలోచన ఏమిటంటే, దేశంలోని జనానికే కాఫీ అలవాటు చేయాలి. అలవాటు కావాలంటే ముందు రుచి చూపించాలి. రుచి చూపించాలంటే మంచి చోట కూర్చోబెట్టి, శుభ్రమైన కప్పులో, తక్కువ ధరకు ఇవ్వాలి. అట్లా 1936లో బొంబాయి చర్చిగేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు.

తర్వాత యుద్ధం వచ్చింది. యూరప్ మార్కెట్ పూర్తిగా మూతపడింది. 1940లో మార్కెట్ విస్తరణ బోర్డు పెట్టారు. అదే 1942 కాఫీ చట్టంతో కాఫీ బోర్డు అయింది. రైతు పండించిన కాఫీ బోర్డుకే ఇవ్వాలి, బోర్డే అమ్మాలి. గోదాముల్లో గింజలు పేరుకుపోయాయి. వాటిని దేశంలోనే తాగించాలి. దాంతో నగరం తర్వాత నగరంలో కాఫీ హౌస్‌లు తెరుస్తూ పోయారు. కలకత్తా ఆల్బర్ట్ హాల్లో 1942లో తెరిచినది అందులో ఒకటి.

ఇప్పుడు ఆలోచించండి. కిరాయి, జీతాలు, లాభం లెక్క వేసుకుని పెట్టిన హోటల్ అయితే యజమాని ఏం చేస్తాడు? కాఫీ తాగి పావుగంట దాటగానే సర్వర్‌ను పంపి "ఇంకేం కావాలి సార్?" అని అడిగిస్తాడు. బోర్డుకు ఆ తొందర లేదు. అది కాఫీ అమ్మకానికి ప్రచారంగా పెట్టిన హోటల్. జనం ఎంతసేపు కూర్చుంటే కాఫీ అంత అలవాటవుతుంది. అందుకే పెద్ద హాళ్లు చూశారు, ధర తక్కువ పెట్టారు, కూర్చున్నవాణ్ణి లేపలేదు. గంటల కొద్దీ కూర్చునే ఆ సంప్రదాయాన్ని బెంగాలీల తీరిక గుణమనో, మేధావుల అలవాటనో అంటారు గానీ, దానికి చోటు దొరికింది మాత్రం అమ్ముడుపోని గింజల వల్ల. ఆ చోటును మాటలతో నింపింది కలకత్తా జనం. తెల్లవాళ్ల క్లబ్బుల్లో అడుగు పెట్టనివ్వని రోజుల్లో, జేబులో అణాలు మాత్రమే ఉన్న కాలేజీ పిల్లవాడు ఫ్యాన్ కింద, తెల్లటి యూనిఫాం వేసుకున్న సర్వర్ చేతి కాఫీ తాగగలగడం చిన్న సంగతి కాదు.

1947 తర్వాత కూడా పదేళ్లు అట్లాగే నడిచాయి. 1950ల మధ్యలో బోర్డు విధానం మారింది. కాఫీ హౌస్‌లు మూసేయాలని నిర్ణయించింది. దేశంలోని ఆ హోటళ్లలో పనిచేసే వందలాది మంది ఒక్కసారిగా రోడ్డున పడే పరిస్థితి.

అప్పుడు ముందుకు వచ్చిన మనిషి ఏకేజీ, అంటే ఏ.కె. గోపాలన్. కేరళ కమ్యూనిస్టు నాయకుడు, లోక్‌సభ సభ్యుడు. లా చదివినవాళ్లకు ఆయన పేరు ఇంకో రకంగా తెలుస్తుంది. విచారణ లేకుండా నిర్బంధించడం మీద 1950లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ప్రసిద్ధ కేసు ఆయనదే. కాఫీ బోర్డు కార్మికుల యూనియన్‌కు ఆయన నాయకుడు. ఉద్యోగాలు కాపాడమని ధర్నాలు చేయడంతో ఆగలేదు. మూసేస్తున్న హోటళ్లను మాకే అప్పగించండి, మేమే నడుపుకుంటాం అన్న దారి పట్టించాడు. 1957 ఆగస్టు 19న బెంగళూరులో మొదటి ఇండియన్ కాఫీ వర్కర్స్ కోఆపరేటివ్ సొసైటీ ఏర్పడింది. ఆ ఏడాది అక్టోబర్ 27న ఢిల్లీలో కార్మికులే యజమానులుగా మొదటి కాఫీ హౌస్ తెరుచుకుంది. 1958లో కేరళలోని త్రిస్సూర్‌లో మొదలైంది. జబల్‌పూర్, నాగపూర్, లక్నో, పాండిచ్చేరి, ఇట్లా సంఘాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇండియా కాఫీ హౌస్ కాస్తా ఇండియన్ కాఫీ హౌస్ అయింది.

కలకత్తా ఆల్బర్ట్ హాల్లోది 1958లో మూతపడింది. ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ, విశ్వవిద్యాలయం అధ్యాపకులు అది మళ్లీ తెరవాలని గట్టిగా కోరారు. కార్మికుల సహకార సంఘం చేతిలో అదే ఏడాది మళ్లీ తెరుచుకుంది. అధ్యాపకులు సంతకాలు పెట్టడం ఒక ఎత్తు, మర్నాటి నుంచి పాలు తెప్పించి, పొయ్యి వెలిగించి, సాయంత్రానికి గల్లా లెక్క తేల్చడం ఇంకో ఎత్తు. రెండోది చేసినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు.

లోపల ఎట్లా ఉంటుందో చెప్తాను. మెట్ల గోడల నిండా ఒకదాని మీద ఒకటి అంటించిన పోస్టర్లు. పైకి ఎక్కగానే మాటల హోరు. ఎత్తైన కప్పు నుంచి పొడవాటి రాడ్లకు ఫ్యాన్లు వేలాడుతుంటాయి. పై అంతస్తు చుట్టూ బాల్కనీలా ఉంటుంది, అక్కడి నుంచి కిందున్న టేబుళ్లన్నీ కనిపిస్తాయి. సర్వర్ల తలపాగాకు పైన విసనకర్రలా గంజి పెట్టిన తురాయి. ఇన్ఫ్యూజన్ అంటే పాలు లేని కాఫీ, మన డికాక్షన్‌ను కొంచెం పలచన చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నిజం చెప్పాలంటే ఆ కాఫీ గొప్పగా ఏమీ ఉండదు. కుంభకోణం ఫిల్టర్ కాఫీ తాగినవాళ్లకు నచ్చదు. చికెన్ కబిరాజీ మాత్రం బాగుంటుంది, కట్‌లెట్ మీద గుడ్డు సొన అల్లికలా పరుచుకుని వేగుతుంది.

ఒకరోజు నేను పక్క టేబుల్‌నే గమనిస్తూ కూర్చున్నాను. ఐదుగురు కుర్రాళ్లు, ఏదో చిన్న పత్రిక ప్రూఫులు దిద్దుతున్నారు. టేబుల్ మీద రెండు ఇన్ఫ్యూజన్లు, ఒక ప్లేటు పకోడీ. పెద్ద వయసు సర్వర్ వచ్చి ఖాళీ కప్పులు తీసి, ప్రూఫు కాగితాలు తడవకుండా నీళ్ల గ్లాసులు అంచుకు జరిపి పెట్టి వెళ్లిపోయాడు. బిల్లు తేలేదు, ఇంకేం కావాలని అడగలేదు. గంట తర్వాత వాళ్లే పిలిచి ఇంకో రెండు కాఫీలు చెప్పారు. ఆ సర్వర్ ఆ సంఘంలో సభ్యుడు. జీతానికి పనిచేసే సర్వర్ అయితే "టేబుల్ ఖాళీ చేయించు" అని కౌంటర్ నుంచి కేక వినపడుతుంది. అక్కడ ఆ కేక వేసేవాడే లేడు.

ఇది చాలా ముఖ్యం. ఆ సంఘాల్లో సభ్యులు కార్మికులే. వాటా ఎంతున్నా ఓటు ఒక్కటే. పాలకవర్గాన్ని వాళ్లే ఎన్నుకుంటారు. లాభం మిగిలితే రిజర్వుకు, అంటే కష్టకాలం కోసం దాచే నిధికి, తీసి మిగతాది సభ్యులకు వస్తుంది. భవనం అమ్ముకుంటే కోట్లు వస్తాయి, మాల్ కట్టుకోవచ్చు అని ఆలోచించే ఒక్క యజమాని అక్కడ లేడు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేది. కవులు, సోషలిస్టులు, పత్రికలవాళ్లు అక్కడ గంటల తరబడి కూర్చునేవారు. ఇవాళ అది లేదు. ఎంత మంచి యజమాని అయినా, తరం మారితే భూమి విలువ ముందు కాఫీ విలువ నిలబడదు.

సహకార సంఘం అయినంత మాత్రాన అన్నీ నిలిచాయని కూడా అనుకోవద్దు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ కాఫీ హౌస్‌ను 1976లో ఎమర్జెన్సీ కాలంలో కూల్చేశారు. అక్కడ చేరేవాళ్లు ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్లని అందరికీ తెలుసు. తర్వాత అది మోహన్ సింగ్ ప్లేస్‌లో మళ్లీ మొదలైంది. బెంగళూరు ఎంజీ రోడ్డు మీది కాఫీ హౌస్ 2009లో అద్దె చోటు వదలాల్సి వచ్చి చర్చ్ స్ట్రీట్‌కు మారింది. కేరళలో మాత్రం కథ వేరు. అక్కడ కాఫీ హౌస్‌లు కవుల కోసం కాకుండా బస్టాండ్లు, ఆసుపత్రుల దగ్గర మామూలు జనానికి టిఫిన్, భోజనం పెట్టే హోటళ్లుగా విస్తరించాయి. బీట్‌రూట్ వేసిన మసాలా దోశ, గోడ మీద ఏకేజీ ఫొటో, ఈ రెండూ ఉంటే అది కేరళ కాఫీ హౌసే. తిరువనంతపురం తంపానూర్‌లో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన కాఫీ హౌస్ అయితే ఎర్రటి ఇటుకల గుండ్రటి గోపురం. లోపల మెలికలు తిరుగుతూ పైకి పోయే బాట పక్కనే టేబుళ్లుంటాయి. తిరువనంతపురం పోతే అది తప్పకుండా చూడండి. ఆడిటర్‌గా నన్నడిగితే అన్నిటికంటే బలంగా నడిచింది కేరళ నమూనానే. కారణం తర్వాత చెప్తాను.

ఇక మన వరంగల్ సంగతి. ఇక్కడ అలాంటిది ఎందుకు రాలేదన్న బాధ కూడా మీ ప్రశ్నలో వినిపించింది. మనకు మాట్లాడుకునే చోటు లేక కాదు, కాఫీ లేదు అంతే. కాఫీ తోటలు మైసూరు వైపు, తమిళనాడు వైపు. మన దగ్గర తాగేది చాయ్. స్టేషన్ రోడ్డు, చౌరస్తా, కాజీపేట జంక్షన్ చుట్టూ చాయ్ హోటళ్లు రైలు టైముల ప్రకారం బతికాయి. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు షిఫ్టు సైరన్ ప్రకారం ఇంకొన్ని బతికాయి. అక్కడా గంటల కొద్దీ రాజకీయం నడిచేది.

మనవాళ్లు తీరిగ్గా కూర్చుని చదివిన, వాదించిన చోట్లు మాత్రం గ్రంథాలయాలు. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904లో మొదలైంది. వరంగల్‌లో శబ్దానుశాసన ఆంధ్ర భాషానిలయం ఆ తర్వాత వచ్చింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. అలాంటి రోజుల్లో పత్రిక చదువుకునే నెపంతో నలుగురు కూడే చోటు గ్రంథాలయమే. బ్రిటిష్ కలకత్తాలో సభలు పెట్టుకునే హాలు కాఫీ హౌస్ అయింది. మన దగ్గర చదువుకునే గదే సభ అయింది. తర్వాతి కాలంలో కాళోజీ సోదరుల చుట్టూ మిత్రమండలి నడిచింది. 1959లో ఆర్ఈసీ (ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ), 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక పిల్లల చర్చలు హాస్టల్ గదుల్లోకి, క్యాంటీన్లలోకి మారాయి. 1970ల్లో విద్యార్థి రాజకీయాలతో కాలేజ్ స్ట్రీట్ ఎంత వేడిగా ఉందో, హన్మకొండ హాస్టళ్లు కూడా అంతే వేడిగా ఉన్నాయి. కాబట్టి మనకు ఏదో తక్కువైందని అనుకోకండి.

మనకు తక్కువైనది ఇంకొకటి ఉంది. దాని గురించి నాకు నిజంగా బాధ ఉంది. ఆజంజాహి మిల్లు మూతపడినప్పుడు వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ మిల్లును, కనీసం అందులో ఒక్క విభాగాన్నయినా, కార్మికుల సంఘం చేతిలో పెట్టే ఏర్పాటు జరగలేదు. కాఫీ హౌస్‌కూ బట్టల మిల్లుకూ పెట్టుబడిలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉందని నాకు తెలుసు. అయినా 1957లో కాఫీ కార్మికులు చేసిన పని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మిల్లు గుర్తొస్తుంది.

మన దగ్గర సహకారం నడవదని మాత్రం ఎవరన్నా ఒప్పుకోను. ఏకేజీ దారిలో కాఫీ సంఘం ఏర్పడటానికి ఒక ఏడాది ముందు, 1956లో, భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి రైతులను కూడగట్టి సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం పెట్టారు. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. అప్పులివ్వడంతో మొదలుపెట్టి ఎరువులు, విత్తనాలు, వడ్లు కొనడం, బియ్యం మిల్లు దాకా వెళ్లింది. ఆ ప్రాంతంలోనే మహిళలు పెట్టుకున్న పాల డెయిరీ స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. మీ ఇంటికి వచ్చే ప్యాకెట్ కూడా అదే అయి ఉండవచ్చు. ఆ డెయిరీ ఉన్నది పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. 1995లో వచ్చిన ఆ చట్టాన్ని మేం మాక్స్ చట్టం అంటాం. దాని కింద ప్రభుత్వం వాటా పెట్టదు, పాలకవర్గంలో వేలు పెట్టదు. మీకు పనికొచ్చేది ఆ చట్టమే.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ముందు లెక్క వేద్దాం. మీ హోటల్లో 30 కుర్చీలు ఉన్నాయనుకుందాం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 12 గంటలు. ఒక్కో మనిషి రెండు గంటలు కూర్చుంటే ఒక కుర్చీ మీద రోజుకు ఆరుగురు, మొత్తం 180 మంది. ఒక్కొక్కరు 20 రూపాయల కాఫీ ఒకటి తాగితే 3,600 రూపాయలు. అది కూడా ఒక్క కుర్చీ ఒక్క నిమిషం ఖాళీగా లేకపోతే. అట్లా ఎక్కడా జరగదు, సగం వేసుకోండి. 1,800 రూపాయల్లో పాలు, పొడి, చక్కెర, గ్యాస్, కరెంటు, కిరాయి, జీతాలు పోవాలి. పోవు. కూర్చోనివ్వడం అనేది కాఫీ మీద నడవదు. కలకత్తాలో అయినా కాఫీ మీద నడవలేదు. కట్‌లెట్ల మీద, కబిరాజీ మీద నడిచింది. కేరళవాళ్లు బలంగా ఉండటానికి కారణమూ ఇదే. టిఫిన్, మధ్యాహ్న భోజనం అమ్మకమే వాళ్లకు ప్రధానం. కాఫీ తాగి కూర్చున్నవాడి ఖర్చును అన్నం తిని వెళ్లినవాడు భరిస్తాడు.

కాబట్టి పొద్దున ఏడు నుంచి పది దాకా ఇడ్లీ, ఉప్మా, సర్వపిండి లాంటివి గట్టిగా అమ్మండి. మధ్యాహ్నం భోజనం పెట్టండి. ఆ రెండు వేళల్లో ఎవర్నీ ఎక్కువసేపు కూర్చోనివ్వకండి, బోర్డు మీద రాసి పెట్టండి. మూడు నుంచి ఎనిమిది దాకా ఎవరెంతసేపు కూర్చున్నా అడగకండి. తాగడానికి చాయ్ కూడా ఉండాలి. కాఫీ హౌస్ అని పేరు పెట్టుకుని వరంగల్‌లో చాయ్ అమ్మకపోతే నెల తిరగదు. కాఫీ కావాలంటే అరకు గింజలు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ దారిలోనే ఉన్నాయి, వైజాగ్‌లో దిగి మాట్లాడుకోండి.

చోటు విషయంలో నా మాట వినండి. నాలుగు రోడ్ల కూడలిలో, గ్లాసు తలుపుల షాపు కిరాయికి తీసుకోవద్దు. అడ్వాన్సు, కిరాయి కట్టడంతోనే మీ పెట్టుబడి అయిపోతుంది. ఏదన్నా గ్రంథాలయం ఆవరణలో, పాత విద్యాసంస్థ ట్రస్టు భవనంలో, పదేళ్ల లీజుకు దొరికే చోటు వెతకండి. ఆల్బర్ట్ హాల్లోది బతకడానికి ఆ చోటు సగం కారణం. కాలేజీలు ఎదురుగా, పుస్తకాల దుకాణాలు కింద. లీజు కాగితం రిజిస్టర్ చేయించాకే పొయ్యి కొనండి.

అసలు కష్టం ఎక్కడ వస్తుందో చెప్తాను. నేను ఆడిట్ చేసిన సంఘాల్లో ఒక ఉద్యోగుల క్యాంటీన్ సంఘం ఉండేది. పేరు వద్దు. వంట బాగుండేది, జనం వచ్చేవాళ్లు, అయినా మూతపడింది. అరువు ఖాతా పుస్తకం తెప్పించి చూశాను. నూనె మరకలు పడ్డ పొడవాటి రిజిస్టర్. ఒక్కో పేరుకు ఒక్కో పేజీ. మామూలు ఉద్యోగుల పేజీల్లో జీతం రోజు రాగానే బాకీ కొట్టేసి ఉంది. పాలకవర్గ సభ్యుల పేజీల్లో మాత్రం నెల తర్వాత నెల "వెనకటి బాకీ" అని ఎత్తి రాసుకుంటూ పోయారు, ఒక్క జమ లేదు. కింద గుమాస్తా పెన్సిల్‌తో చిన్నగా "అడగవలెను" అని రాసుకున్నాడు. ఆ పెన్సిల్ రాత చూస్తే నాకు ఆ గుమాస్తా మీద జాలి కలిగింది. అడిగే ధైర్యం అతనికి ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి మీ బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, మొదటి రోజే రాసుకోండి, అరువు ఎవరికీ లేదు, అధ్యక్షుడికి అసలే లేదు.

ఇంకొకటి. మీరు నలుగురు మిత్రులు యజమానులు, వంటవాళ్లు, సర్వర్లు జీతగాళ్లు అయితే అది మామూలు హోటల్. తప్పేమీ లేదు, బాగా నడిస్తే నడుస్తుంది. మీరు కోరుకున్నది అది కాదు కదా. వంట మనిషి, కప్పులు కడిగే ఆమె, కౌంటర్ మీద కూర్చునే మీరు, అందరూ సమాన ఓటుతో సభ్యులుగా ఉండాలి. వాళ్ల వాటా ధనం కోసం మొదటి ఏడాది జీతంలో నెలకు కొంచెం మినహాయించుకోండి. నెలకోసారి లెక్కలు తెలుగులో రాసి గోడకు అంటించండి. మీటింగ్‌లో కప్పులు కడిగే ఆమె లేచి "ఈ నెల పాలకు ఇంత ఎందుకైంది?" అని అడిగిన రోజున మీ సంఘం నిలబడుతుందని నాకు నమ్మకం కలుగుతుంది.

కలకత్తాకు వెళ్లే ముందు ముల్కనూర్ వెళ్లండి. హన్మకొండ నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సంఘం ఆఫీసులో మూడు సంగతులు అడగండి. బాకీ వసూలు ఎట్లా చేస్తారు, రిజర్వు నిధి ఎప్పుడెప్పుడు ముట్టుకున్నారు, పాలకవర్గం సభ్యుడు తప్పు చేస్తే ఏం చేశారు. వాళ్లు చెప్పింది రాసుకుని, దాన్ని ముందు పెట్టుకుని మీ బైలాస్ ముసాయిదా తయారు చేయండి. తయారయ్యాక నాకు పంపండి, క్లాజు క్లాజుగా చదివి ఎక్కడ మార్చాలో రాసి ఇస్తాను.